ఇంట్లోనే తెలుగు, పాఠం 3: ముగ్గురు పిల్లలు, ఎవరికి ఏ లెవెల్?

పోయిన పాఠంలో రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టాలో చూశాం కదా, ఇవాళ అసలు విషయం. ఇంట్లో 6, 9, 12 ఏళ్ళ ముగ్గురున్నారనుకోండి, పెద్దాడు ఇంగ్లీష్ మీడియం బడి మానేసి హోమ్‌స్కూలింగ్‌కి వచ్చాడు, మధ్య పాప తెలుగు గడగడా చదివేస్తుంది, చిన్నోడు ఇంకా గుణింతాల దగ్గరున్నాడు. ముగ్గురికీ మూడు వ్యాకరణాలు, మూడు టైంటేబుళ్ళు పెట్టుకుంటే చెప్పేవాళ్ళకి ఓపిక మిగలదు. అక్కర్లేదండి. వ్యాకరణం ముగ్గురికీ కలిపి చెప్పొచ్చు, రాత మాత్రం ఎవరిది వాళ్ళకే పెట్టాలి.

ముందు ఎవరు ఎక్కడున్నారో తెలియాలి. వయసు, క్లాసు రెండూ పక్కన పెట్టేసి ఈ రెండు వాక్యాలు డిక్టేషన్ చెప్పండి:

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో పెద్ద చింతచెట్టు ఉంది. పిల్లలందరం దాని కింద ఆడుకునేవాళ్ళం.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పండి, మిగతావాళ్ళు పక్క గదిలో ఉండాలి. ఎందుకంటే చెల్లి అన్న కన్నా బాగా రాసే ఇళ్ళు చాలా ఉన్నాయి, అది ఆ అన్న ముందే బయటపడితే వాడు తెలుగు పుస్తకం ముట్టుకోడు.

ఇప్పుడు కాగితం చూడండి. 'చెటు', 'పెద' అని రాస్తే వత్తుల దగ్గర ఆగారన్నమాట, కొన్నాళ్ళు రోజూ నాలుగు లైన్ల చూచిరాత చాలు, సొంతంగా రాయమని అడగొద్దు. వత్తులన్నీ పడి 'ఊల్లో' అని రాస్తే అది చేతిది కాదు, చెవిది. నాలుక మడిచి ళ పలికించండి, కళ్ళు, పళ్ళు, పెళ్ళి, బల్లి, పిల్లి అని పక్కపక్కన పైకి చదివించండి, పదిసార్లు రాయించినా లాభం ఉండదు. తప్పుల్లేకుండా రాసినవాళ్ళని మాత్రం ఆ చెట్టు గురించి ఇంకో నాలుగు వాక్యాలు నువ్వే రాయి అనండి, డిక్టేషన్ బాగా రాసి ఇక్కడ పెన్ను ఆపేసేవాళ్ళు ఎంతమందో. వాళ్ళకి ముందు నోటితో చెప్పించి తర్వాత రాయించాలి. చిన్నోడు గుణింతాల్లోనే ఉంటే వాడు చెప్పింది మీరు రాయండి, అందులో ఒక్క వాక్యం వాడు చూసి రాస్తాడు, చాలు.

పన్నెండేళ్ళవాడి రాత మూడో తరగతి దగ్గరే ఉందని తేలితే కంగారు పడకండి. ఎస్‌సీఈఆర్‌టీ (సర్కారు బడి పుస్తకాలు తయారుచేసే సంస్థ) తెలుగు వాచకాలు నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి, కావాల్సిన పేజీలే ప్రింట్ తీసివ్వండి, తరగతి నంబరున్న అట్ట వాడికి చూపించొద్దు. 14 ఏళ్ళు నిండితే ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చు, తెలుగు సబ్జెక్టుగా తీసుకోవచ్చు, అంటే ఇంకా రెండేళ్ళు చేతిలో ఉన్నాయి.

ఇక వ్యాకరణం. ముగ్గుర్నీ ఒకేచోట కూర్చోబెట్టి ఇవి చెప్పించండి:

అన్న వచ్చాడు. అక్క వచ్చింది. బస్సు వచ్చింది.
అన్నలు వచ్చారు. అక్కలు వచ్చారు. బస్సులు వచ్చాయి.

చిన్నోడికి ఇది ఆట, మీరు పేరు చెప్తే వాడు క్రియ చెప్పాలి, ఆవు అంటే వచ్చింది, ఆవులు అంటే వచ్చాయి. ఇంగ్లీష్‌లోనే ఎక్కువ మాట్లాడే పిల్లలు 'బస్సులు వచ్చింది' అనేస్తుంటారు, అక్కడే పట్టుకోవచ్చు. మధ్య పాప కాపీలో రెండు గళ్ళు గీసి ఏకవచనం, బహువచనం రాస్తుంది, నామవాచకం కింద ఒక గీత, క్రియ కింద రెండు గీతలు. పెద్దాణ్ణి మాత్రం ఒక ప్రశ్న అడగండి: అక్క ఒక్కతే ఉంటే బస్సుతో చేరింది, ఇద్దరైతే అన్నలతో చేరింది, ఎందుకు? కాసేపు ఆలోచించనివ్వండి, తొందరపడి జవాబు చెప్పేయొద్దు. తర్వాత మహత్తు, మహతి, అమహత్తు అనే పేర్లు చెప్పండి, ఇవి చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఉన్న మాటలే. మగవాళ్ళు మహత్తు, ఆడవాళ్ళు మహతి, మిగతావన్నీ అమహత్తు. మహతి ఏకవచనంలో అమహత్తులా, బహువచనంలో మహత్తులా నడుస్తుంది. వాడు గమనించినదానికి పేరు దొరికింది కాబట్టి గుర్తుంటుంది, పేరు ముందు చెప్పి బట్టీ పట్టిస్తే పరీక్షతో పోతుంది. తాతగారు వచ్చారు అంటాం కదా, ఆయన ఒక్కడే కదా అని ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా, గౌరవానికి బహువచనం వాడతామని అప్పుడే చెప్పేయండి.

ఇదే పద్ధతి సంధులకీ పనికొస్తుంది. చెట్టు ఉంది అని రాస్తాం, చెట్టుంది అని పలుకుతాం, చిన్నవాళ్ళిద్దరికీ ఆ రెండూ వినిపిస్తే చాలు, ఇలా ఉ తర్వాత అచ్చు వస్తే కలిసిపోవడాన్ని ఉత్వసంధి అంటారు, ఆ పేరు పెద్దాడికి. సూత్రంలో నిత్యం, అంటే ఎప్పుడూ కలవాల్సిందే అని ఉంటుంది కానీ ఇప్పటి రాతలో విడదీసి రాయడం మామూలే, వాడు అడిగితే ఆ మాట దాచకుండా చెప్పండి.

ఈ వారం డిక్టేషన్ ఒక్కటే చేయండి. కాగితాల మీద తేదీ వేసి దాచండి, ఎర్ర పెన్ను ముట్టుకోవద్దు. వచ్చే పాఠానికి ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చోండి, ఎవరి తప్పుల్ని బట్టి వాళ్ళకి చూచిరాత వాక్యాలు ఎలా తయారుచేయాలో చూద్దాం.