కాసా ఓగార్‌లో ‘తీయా’గా మూడు నెలలు ఉండడం ఎలా

ముప్పై ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యాను. పిల్లల పెంపకం గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అన్న ధీమాతోనే మెక్సికోలోని ఒక పిల్లల గృహానికి సేవకు వెళ్ళాను. చేరిన మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు నా ముందు పద్నాలుగు జతల నల్లబూట్లు, ఒక పాత బనీను గుడ్డ పెట్టి, తుడవమని సైగ చేశారు. చేతిలో హాజరు పట్టీ లేదు, తాళాల గుత్తి లేదు, నోట్లో భాష కూడా లేదు. అక్కడి నుంచి మొదలుపెట్టి మూడు నెలల్లో నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. అలాంటి చోటికి సేవకు వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తాయి.

నేనున్నది బాహా కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఎన్సెనాడా దాటి దక్షిణంగా పోతే వచ్చే శాన్ కింతీన్ ప్రాంతంలో. ఒక పక్క పసిఫిక్ సముద్రం, ఇంకో పక్క ఎండు కొండలు, మధ్యలో టమాటా, స్ట్రాబెర్రీ తోటలు. ఆ తోటల్లో కూలికి వహాకా వంటి దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చిన మిస్తెక్, త్రీకి అనే ఆదివాసీ తెగల కుటుంబాలు చాలా ఉన్నాయి. పిల్లల గృహాన్ని అక్కడ ‘కాసా ఓగార్’ అంటారు. దాన్ని అనాథాశ్రమం అనుకోకండి. మా ఇంట్లోని ఇరవై ఎనిమిది మందిలో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. తక్కినవాళ్ళకు ఎవరో ఒకరు ఉన్నారు. ఆ ఎవరో జైల్లో ఉంటారు, మత్తుకు బానిసై ఉంటారు, లేదా పొద్దు పొడవక ముందే తోటకు పోయి చీకటి పడ్డాక వస్తారు.

పిల్లలను చూసుకునే ఆడవాళ్ళను ‘తీయా’ అంటారు, అంటే అత్త, పిన్ని. మగవాళ్ళు ‘తీయో’. మీరు కూడా మొదటి రోజే తీయా అయిపోతారు. అది చూసి పొంగిపోకండి. అసలు తీయాలు ఏడాది పొడవునా అక్కడ ఉండేవాళ్ళు. వాళ్ళ చేతిలో ఉన్న పనిని అందుకుని, వాళ్ళు పిల్లల దగ్గర కూర్చునే వీలు కల్పించడమే మన పని. ఇది నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

వెళ్ళే ముందు

మా అమ్మాయి అమెరికాలో, మెక్సికో సరిహద్దు పక్కనే ఉన్న శాన్‌డియేగోలో ఉంటుంది. నా పాస్‌పోర్టులో అమెరికా వీసా ఉంది కాబట్టి మెక్సికోకు వేరే వీసా తీసుకోలేదు. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే భారతీయులకు విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు. సందర్శకులకు గరిష్ఠంగా 180 రోజులు ఇస్తారు. జీతం తీసుకునే పని మాత్రం చేయకూడదు. కారులో సరిహద్దు దాటేటప్పుడు మిమ్మల్ని ఎవరూ ఆపకపోవచ్చు. అలా పోనివ్వకుండా మీరే ఆగి, ఇమ్మిగ్రేషన్ కిటికీ దగ్గర ముద్ర వేయించుకోండి. ఎన్ని రోజులు రాశారో అక్కడే చూసుకోండి. రాసే సంఖ్య అధికారి చేతిలో ఉంటుంది.

గృహాన్ని ఎంచుకునేటప్పుడు ‘దిఫ్’ సంగతి అడగండి. 1977లో ఏర్పడిన ప్రభుత్వ కుటుంబ సంక్షేమ వ్యవస్థ అది. జాతీయ స్థాయిలోనూ, ప్రతి రాష్ట్రంలోనూ దాని కార్యాలయాలు ఉంటాయి. చాలామంది పిల్లలు దాని ద్వారానే వస్తారు. 2014లో వచ్చిన బాలల హక్కుల చట్టం ప్రకారం ఇలాంటి గృహాలు నమోదై ఉండాలి. మీ నుంచి పోలీసు ధ్రువపత్రం, తెలిసినవాళ్ళ సిఫారసు లేఖలు అడగకుండా ‘ఎప్పుడైనా రండి’ అనే చోటికి వెళ్ళవద్దు. మిమ్మల్ని అడగనివాళ్ళు ఇంకెవరినీ అడిగి ఉండరు.

సంచిలో పాత బట్టలు మోసుకుపోవద్దు. ఏం కావాలో ముందే రాసి అడగండి. మాకు చెప్పినవి: కొత్త లోదుస్తులు, సాక్సులు, పేలదువ్వెనలు, బట్టల మీద పేరు రాసే చెరగని మార్కర్లు. మీ కోసం ఒక మందపాటి స్వెట్టరు ఉంచుకోండి. మెక్సికో అంటే మండే ఎండ అనుకుని నేను రెండు నూలు చీరలు, నాలుగు సల్వార్లు పట్టుకుపోయాను. సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచుకు మార్చిలో కూడా రాత్రిళ్ళు పళ్ళు కొట్టుకునేవి. గదుల్లో హీటరు ఉండదు.

భాష

స్పానిష్ విషయంలో మనం అదృష్టవంతులం. వాళ్ళ ‘త’, ‘ద’ అచ్చంగా మన త, ద. అమెరికా నుంచి సేవకు వచ్చిన కుర్రవాళ్ళు ‘ట’ అనలేక, ‘త’ అనలేక తిప్పలు పడుతుంటే నేను పళ్ళ వెనక నాలుక పెట్టి హాయిగా మాట్లాడేదాన్ని. వర్ణమాల దిద్దిన నాటి నుంచి పనిలేకుండా పడి ఉన్న ‘ఞ’ కూడా అక్కడ పనికొచ్చింది. ‘నీఞా’ అంటే పాప. మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. బల్లను ‘మేసా’ అంటారు. నీళ్ళ ట్యాంకరును ‘పీపా’ అంటారు. పోర్చుగీసువాళ్ళు మనకిచ్చిపోయిన మేజా, పీపాలకు అక్కాచెల్లెళ్ళే ఇవి.

రెండు వందల మాటలు నేర్చుకుని వెళ్ళండి, చాలు. పెద్దవాళ్ళు పిలిస్తే ‘ఏమిటి’ అనే అర్థంలో ‘కే’ అనకూడదు, ‘మాందె’ అనాలి. మన ‘అండీ’ లాంటిది. నేను ‘కే’ అన్న ప్రతిసారీ ఒక ఏడేళ్ళ పిల్ల నడుం మీద చెయ్యి వేసుకుని ‘మాందె, తీయా!’ అని దిద్దేది. ఇక ‘అవొరీతా’ అంటే నిఘంటువు ప్రకారం ఇప్పుడే. ప్లంబరు నోట ఆ మాట వింటే ఆ రోజుకు స్నానం సంగతి మరచిపోండి.

పొద్దున్న

స్కూలు ఎనిమిదింటికి. అంతకు ముందు రెండున్నర గంటల్లో రోజు మొత్తం ఎలా నడవబోతోందో తేలిపోతుంది. ఓట్స్ జావ, ‘అవేనా’, పెద్ద గిన్నెలో దాల్చినచెక్కతో ఉడుకుతుంటుంది. వంట దోన్యా గారు వడ్డిస్తారు. దోన్యా అంటే పెద్ద ఆడవాళ్ళను గౌరవంగా పిలిచే మాట. మీరు గిన్నెలు అందించండి, గరిటె మాత్రం అడగవద్దు.

నాకు అప్పగించింది జడలు. తొమ్మిది మంది ఆడపిల్లలు, నలభై నిమిషాలు. ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరనుకుని, అమ్మాయి ఇంటి నుంచి తెచ్చిన కొబ్బరినూనె రాసి రెండేసి జడలు బిగించి పంపాను. మధ్యాహ్నం ఒక పిల్ల కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. తలస్నానం చేయకుండా వచ్చావని క్లాసులో నవ్వారట. గృహం పిల్ల అనే గుర్తు ఒకటి అప్పటికే ఉంది, దాని మీద నేను ఇంకొకటి అంటించాను. మర్నాడు తీయా నా పక్కన నిలబడి చూపించింది. దువ్వెనను నీళ్ళలో ముంచాలి. నుదుటి దగ్గర నుంచి వెనక్కు, ఒక్క వెంట్రుక లేవకుండా లాగాలి. సగం నిమ్మకాయ అరచేతిలో పిండుకుని పైన రాయాలి. ఎండితే గంజి పెట్టినట్టు నిలబడుతుంది. సోమవారాల్లో జెండా వందనం ఉంటుంది కాబట్టి ఆ రోజు నిమ్మకాయ రెండింతలు. అక్కడి పద్ధతి ఏదో చూసి, మీ పద్ధతి పెట్టెలోనే ఉంచండి.

జడ వేసేటప్పుడే పేలు కూడా చూడాలి. కనిపిస్తే కేక పెట్టకుండా ఆ పిల్లను చివర్లో కూర్చోబెట్టి, తీయా చెవిలో చెప్పండి.

నీళ్ళు, బట్టలు

కొళాయి నీళ్ళు తాగకూడదు. తాగడానికి ‘గర్రాఫోన్’ అనే ఇరవై లీటర్ల డబ్బా ఉంటుంది. వాడకానికి పీపా వస్తుంది, డాబా మీది ట్యాంకు నింపుతుంది. ఆ ప్రాంతంలో నీటి కరువు ఎక్కువ. స్నానం మూడు నిమిషాల్లో ముగించండి. టాయిలెట్ కాగితాన్ని పక్కనున్న బుట్టలోనే వేయాలి. కుండీలో వేస్తే ఇల్లంతటికీ తెలుస్తుంది.

ఉతకడానికి ‘లావదేరో’ అని గరుకు గీతలున్న సిమెంటు బల్ల ఉంటుంది, పక్కనే నీళ్ళ తొట్టి. చాకిరేవు బండ అలవాటున్న చేతికి ఎవరూ నేర్పనక్కర్లేదు.

వంటింట్లో చోటు సంపాదించడం

మొదటి వారం దోన్యా గారు నన్ను వంటింటి గడప దాటనివ్వలేదు. విదేశాల నుంచి వచ్చినవాళ్ళు ఉల్లిపాయ తరగడానికి అరగంట తీసుకుంటారని ఆవిడ అనుభవం. ఒక రాత్రి ఆవిడ బల్ల మీద చిక్కుడుగింజలు పోసుకుని ఒక్కరే రాళ్ళు ఏరుతున్నారు. నేను అడగకుండానే ఎదురుగా కూర్చుని, నా వైపు ఒక కుప్ప లాక్కున్నాను. గుప్పెడు గింజలు పరిచి, వేలితో మంచివి ఒడిలోని గిన్నెలోకి తోసి, రాయినీ పుచ్చునూ పక్కకు పెట్టడం. కందిపప్పుతో యాభై ఏళ్ళుగా చేస్తున్న పనే. ఆవిడ పది నిమిషాలు నా వేళ్ళనే చూశారు. మర్నాడు పొద్దున గడప లోపల నాకు ఒక ఎత్తుపీట వేసి ఉంది.

అప్పటి నుంచి ఆవిడ దగ్గర ఎంతో నేర్చుకున్నాను. మొక్కజొన్నను సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి నానబెట్టాకే రొట్టెల పిండి పడుతుంది. పెనాన్ని ‘కోమాల్’ అంటారు. కొళాయి పక్క తడిలో మొలిచిన గంగవాయిలి కూరను నేను కోయబోతే, ఆవిడ కూడా అదే కోయడానికి కత్తి పట్టుకుని వచ్చారు. వాళ్ళు ‘వెర్దోలాగా’ అంటారు. ఇక కారం సంగతి: పిల్లలు ఉప్పుకారం అద్దిన చింతపండు మిఠాయి నా చేతిలో పెట్టి, ఏడుస్తానేమోనని గుండ్రంగా కూర్చున్నారు. ఇంకోటి అడిగాను. ఆ సాయంత్రం నుంచి నాకు గౌరవం పెరిగింది.

మధ్యాహ్నం, రాత్రి

అసలు భోజనం రెండు గంటల ప్రాంతంలో. తర్వాత హోంవర్కు. ఇక్కడ కూడా ఒక జాగ్రత్త. భాగహారం వాళ్ళు వేరే రకంగా చేస్తారు. 84ను 3తో భాగించేటప్పుడు మనం ‘మూడు రెళ్ళు ఆరు’ అని 8 కింద 6 రాసి తీసివేస్తాం. వాళ్ళు ఆ 6 రాయరు. నోటితోనే తీసివేసి, మిగిలిన 2 మాత్రం రాసి, పక్కన 4 దించుకుంటారు. నేను నా పద్ధతి చెప్పబోతే పదేళ్ళ పిల్లవాడు పుస్తకం మూసేశాడు. వాళ్ళ టీచరు నేర్పిన పద్ధతిలో ఒక లెక్క ముందు పిల్లల చేత చేయించి చూడండి, ఆ తర్వాత మీరు చెప్పండి.

రాత్రి భోజనం తర్వాత ప్రార్థన. చిన్న చిన్న పల్లవులు, చప్పట్లు, తర్వాత వాక్యం. స్పానిష్ మాట్లాడే ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది 1960 నాటి రేనా-వలేరా బైబిలు చదువుతారు. అందులో దేవుని పేరు ‘హెఓవా’, మన తెలుగు బైబిలులోని యెహోవా. మొదటి రాత్రి ఒక్క ముక్క అర్థం కాక కూర్చున్న నాకు, 23వ కీర్తన మొదట్లో ఆ పేరు వినిపించగానే తక్కినదంతా తెలుగులో తెలిసిపోయింది. మీకు ఆ నమ్మకం లేకపోయినా ఆ అరగంట కూర్చోండి. అయితే పిల్లలను సాక్ష్యం చెప్పమని, ఎలా వచ్చారో చెప్పమని అడగవద్దు. ఎవరు ఎందుకు వచ్చారో తెలియకుండానే జడ వేయవచ్చు.

గీత దాటకూడని చోట్లు

ఏ పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఫొటోలు తీసి సామాజిక మాధ్యమాల్లో పెట్టకూడదు, వెనక నుంచి తీసినా సరే. ఒక్కరికే ఏదీ ఇవ్వకూడదు. నేను ఒక పిల్లకు పది పెసోలు ఇచ్చాను, స్కూల్లో ఏదో కొనుక్కుంటుందని. మర్నాడు నలుగురు చేయి చాపారు. అసలు పిల్లను ఆ నలుగురూ వారం పాటు ఆటలోకి రానివ్వలేదు. ‘అమ్మా’ అని పిలిస్తే చిరునవ్వుతో ‘తీయా’ అని సరిచేయండి.

ఆదివారం మధ్యాహ్నం కొందరికి తల్లో అమ్మమ్మో వస్తారు. ఆ రెండు గంటలు మీరు కనిపించకండి. వచ్చినావిడ చేతులకు టమాటా ఆకు పసరు నల్లగా పట్టి ఉంటుంది, మీరు శుభ్రంగా, పిల్లను ఒళ్ళో పెట్టుకుని ఎదురుపడితే ఆవిడకు ఎలా ఉంటుందో ఊహించండి.

మే 10

మెక్సికోలో మాతృదినోత్సవం ఏ వారమైనా సరే మే 10నే. స్కూలు ఆవరణలో కుర్చీలు వేస్తారు, పిల్లలు నాట్యం చేస్తారు, కాగితపు పూలు ఇస్తారు. మా ఇంట్లో అందరికంటే చిన్నవాడు, ఆరేళ్ళవాడు, తన పువ్వు తీసుకోవడానికి నన్ను రమ్మన్నాడు. ఎందుకు దాస్తాను, వెళ్ళాలని నాకు చాలా అనిపించింది. ఇస్త్రీ చీర కూడా బయటికి తీశాను. అప్పుడు గుర్తొచ్చింది, ఇంట్లో ఇద్దరు పిల్లలకు జ్వరం. నేను వెళితే తీయా ఆగిపోవాలి. ఆవిడ నాలుగేళ్ళుగా వాణ్ణి నిద్రపుచ్చుతోంది. నేను ఇంకో పది రోజుల్లో వెళ్ళిపోయేదాన్ని. చీర మడిచి పెట్టి, తడిగుడ్డ, థర్మామీటరు తీసుకుని కూర్చున్నాను. సాయంత్రం ఆవిడ ఎర్రకాగితపు పువ్వు జడలో పెట్టుకుని వచ్చింది, దాని జిగురు ఇంకా ఆరలేదు.

తిరిగి వచ్చేటప్పుడు

వెళ్ళిపోయే తేదీ మొదటి వారమే చెప్పి, క్యాలెండరులో రాయించండి. రాత్రికి రాత్రి మాయం కాకండి. ‘మళ్ళీ వస్తాను’ అనవద్దు, టిక్కెట్టు చేతిలో ఉంటే తప్ప. మీరు చేస్తున్న పనులన్నీ ఒక కాగితం మీద రాసి తీయాకు ఇవ్వండి: ఎవరి సాక్సుల మీద ఏ అంకె, ఎవరి తలకు ఏ రోజు మందు. చివరి రోజు మీ పక్క దుప్పట్లు మీరే ఉతకండి, పొద్దున్నే ఆరవేయండి. నాలుగు దాటితే సముద్రం మీద నుంచి మంచు వచ్చేస్తుంది, ఇక ఆరవు.