తిరునాళ్లలో పిల్లలకు బూరలతో బొమ్మలు చేయడం

పొడవాటి బూరలను మెలితిప్పి పిల్లలకు బొమ్మలు చేసి ఇవ్వాలనుకునేవారు మొదట నేర్చుకోవలసింది ఒకే ఒక్క బొమ్మ, కుక్కపిల్ల. పది బొమ్మలు అరకొరగా వచ్చినవారికంటే, కుక్కపిల్లను చూడకుండా చేయగలిగినవారి ముందే వరుస సాఫీగా కదులుతుంది. ఇంట్లో తీరిగ్గా కూర్చుని చేయడం వేరు, ఇరవైమంది పిల్లలు మన చేతులవంకే చూస్తుండగా నిలబడి చేయడం వేరు.

ఈ పనికి వాడే బూరలను 260 సైజు అంటారు. మొదటి అంకె గాలి నింపాక ఉండే 2 అంగుళాల వ్యాసాన్ని, మిగిలిన 60 అంగుళాలలో పొడవును తెలుపుతాయి. పుట్టినరోజులకు కట్టే గుండ్రటి బూరలు ఇందుకు పనికిరావు. ఇవి సహజ రబ్బరుతో చేసినవి కాబట్టి ఎండ తగిలితే త్వరగా పాడవుతాయి. ప్యాకెట్‌ను గుడ్డసంచిలో, నీడపట్టున ఉంచాలి. నోటితో ఊదవద్దు. ఇంత సన్నని బూరను ఊదడం కష్టమే కాక, అది చివరకు పిల్లల నోటిదాకా వెళ్లే వస్తువు. లాగినా నెట్టినా గాలి కొట్టే చేతిపంపు ఒకటి చాలు.

బూర మూతిని పంపుకు తొడిగి, కొసన బెత్తెడుకు కాస్త ఎక్కువ మేర ఖాళీగా వదిలి గాలి నింపాలి. మెలితిప్పిన ప్రతిసారీ లోపలి గాలి తోకవైపు జరుగుతుంది; జరగడానికి చోటు లేకపోతే వెనక కాళ్ల దగ్గరకు వచ్చేసరికి బూర పగులుతుంది. ముడి వేసేముందు కొద్దిగా గాలి వదిలితే మూతి దగ్గర మెత్తబడి మెలిక సులువుగా పడుతుంది.

ముడివైపు నుంచి మూడు వేళ్ల మేర వదిలి రెండు మూడు చుట్లు తిప్పితే ముక్కు వస్తుంది. దాని పక్కనే ఇంకాస్త చిన్నవిగా, ఒకే కొలతలో, మరో రెండు బుడగలు తిప్పాలి, అవి చెవులు. ఎటువైపు తిప్పడం మొదలుపెట్టామో చివరిదాకా అటే తిప్పాలి, లేదంటే ముందు వేసిన మెలిక విడిపోతుంది. ఈ మూడింటిలో మొదటిదానిని, చివరిదానిని వేళ్ల మధ్య వదలకుండా పట్టుకుంటే మధ్యది అక్కడే నిలుస్తుంది. ఇప్పుడు రెండు చెవులను పక్కపక్కకు మడిచి, వాటి మొదళ్లు కలిసేచోట రెండింటినీ కలిపి తిప్పితే తల బిగుసుకుంటుంది. ఇక చేయి వదిలినా ఊడిరాదు. ఇదే పద్ధతిలో మెడ, ముందు కాళ్లు రెండూ తిప్పి మడిచి బిగించాలి. ఆ తరువాత నడుము, వెనక కాళ్లు. మిగిలిందే తోక. మెడను జానెడు వదిలితే ఇదే బొమ్మ జిరాఫీ అవుతుంది, చెవులు సాగదీసి మెడ తగ్గిస్తే కుందేలవుతుంది. అందుకే ఒక్క బొమ్మ చాలన్నాను.

కత్తి మాత్రం విడిగా నేర్చుకోవాలి, పిల్లలు తప్పకుండా అడుగుతారు. ముడివైపు భాగాన్ని రెండు మూడు మడతలుగా మడిచి, మడతల నడుమ గట్టిగా మెలితిప్పితే పిడి తయారవుతుంది, మిగతాదంతా కత్తే.

ఎక్కడ నిలబడతామన్నది కూడా ముఖ్యమే. మా ఊరి తిరునాళ్లలో మొదటిసారి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడినప్పుడు, చేసిన కుక్కపిల్లల్లో సగానికి పైగా పిల్లల చేతుల్లోనే పగిలాయి, ఒక పాప బెదిరి చాలాసేపు ఏడ్చింది. అప్పటినుంచి చెట్టునీడ లేదా పందిరి లేకుండా మొదలుపెట్టడం లేదు. ఎండిన గడ్డిపరకలూ, విశాఖ ఆర్కే బీచ్ లాంటి చోట్ల ఇసుకా బూరకు శత్రువులే. బొమ్మను కింద పెట్టవద్దని ఇచ్చేటప్పుడే చెప్పాలి. నిర్వాహకుల అనుమతి తీసుకోవాలి. బూరలు అమ్ముకుని బతికేవారి పక్కన నిలబడి ఉచితంగా పంచడం అన్యాయం. వారికి కనిపించనంత దూరంలో ఉండండి.

పగిలిన ముక్కల విషయంలో ఏ మినహాయింపూ వద్దు. రబ్బరు ముక్క గొంతుకు అడ్డం పడితే పసివాళ్లకు ఊపిరాడదు. 8 ఏళ్ల లోపు పిల్లలకు ఈ ప్రమాదం ఉందన్న హెచ్చరికను అమెరికాలో బూరల ప్యాకెట్ల మీద చట్టప్రకారం ముద్రిస్తారు. అందువల్ల చిన్నపిల్లల బొమ్మను పెద్దవారి చేతికే ఇవ్వాలి, గాలి నింపని బూరను ఏ పిల్లవాడికీ ఇవ్వకూడదు, పగిలిన ప్రతి ముక్కనూ అప్పటికప్పుడే ఏరి సంచిలో వేసుకోవాలి. రబ్బరు పడనివారు ఉంటారు కాబట్టి, ఇచ్చేముందు "రబ్బరు తగిలితే బాబుకు దద్దుర్లేమైనా వస్తాయా అమ్మా?" అని తల్లిని అడగడం మరచిపోవద్దు.

పిల్లవాడిని "ఏం కావాలి?" అని అడిగితే ఏనుగు, డైనోసార్ అంటాడు, వరుస ఆగిపోతుంది. "కుక్కపిల్లా, కత్తా? ఎరుపా, నీలమా?" అని అడిగితే వెంటనే చెబుతాడు. ముగించడానికి అరగంట ముందే వరుసలో చివర నిలబడిన పిల్లవాడి దగ్గరకు వెళ్లి, అతని తరువాత ఇంకెవరూ చేరవద్దని పెద్దలకు మర్యాదగా చెప్పాలి. అప్పటికీ ఓ పది బూరలు జేబులో దాచి ఉంచుకోండి. గేటుదాకా వెళ్లి బొమ్మ పగిలిందని పరుగెత్తుకుంటూ తిరిగివచ్చే పిల్లలు ప్రతిసారీ ఉంటారు.