డుపేజ్ ఏటి పక్కన అద్దె ఇల్లు చూస్తున్నారా?

గోదావరి చూసిన కళ్ళకి అమెరికాలో చికాగో దగ్గర, ఇల్లినాయి రాష్ట్రంలోని డుపేజ్ నది పంటకాలువలా ఉంటుంది, నిజమే. అందుకే ఎవరూ పట్టించుకోరు. నేపర్‌విల్, లైల్ వైపు ఉద్యోగానికొచ్చి, అద్దె తక్కువని సగం నేలలో ఉండే గార్డెన్ లెవెల్ ఫ్లాటుకి సంతకం పెట్టేస్తారు. ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబరు), డ్రైవింగ్ లైసెన్సు గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది. నేను ఏటి గురించే చెప్తాను.

ఇందులో రెండు పాయలున్నాయి. పడమటి పాయ హానోవర్ పార్క్ వైపు నుంచి దిగి విన్‌ఫీల్డ్, వారెన్‌విల్ మీదుగా నేపర్‌విల్ డౌన్‌టౌన్‌లోంచి పోతుంది. తూర్పు పాయ గ్లెన్ ఎలిన్, లైల్, వుడ్‌రిడ్జ్ వైపు నుంచి వస్తుంది. నేపర్‌విల్ దక్షిణపు కొసన నాక్ నోల్స్ పార్కు దగ్గర రెండూ కలిసి, ప్లెయిన్‌ఫీల్డ్, షోర్‌వుడ్ దాటి షానహాన్ దగ్గర డెస్ ప్లేన్స్ నదిలో పడతాయి. మీ ఇల్లు ఏ పాయ మీదుందో ముందు తెలుసుకోండి. మొన్న వానకి లైల్‌లో ఉండే కుర్రాడొకడు నేపర్‌విల్ నీటిమట్టం చూసుకుంటూ నిశ్చింతగా కూర్చున్నాడు. అది వేరే పాయ రా నాయనా! యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) సైటులో రెండిటికీ విడివిడిగా గేజీలు, అంటే నీటిమట్టం కొలతలు, ఉన్నాయి.

రెండూ ఉత్తరం నుంచి దక్షిణానికే పారతాయి. మీ దగ్గర వాన వెలిసి ఎండ కాసినా, పైన కురిసింది ఇంకా దిగుతూనే ఉంటుంది. 1996 జూలైలో పక్కనున్న అరోరాలో ఒక్క రోజులో దాదాపు 17 అంగుళాలు కురిసింది. 2013 ఏప్రిల్లో మళ్ళీ రెండు పాయలూ ఒడ్డు దాటాయి.

నా మొదటి వసంతం అలాంటి ఫ్లాటులోనే గడిచింది. కిటికీలోంచి జనం బూట్లు తప్ప ఏమీ కనపడవు. ఓ తెల్లవారుజామున మంచం దిగితే కార్పెట్ మీద కాలు నీళ్ళలో మునిగింది. బియ్యం బస్తా అడుగంతా ఉబ్బిపోయింది. మంచం కింద సూట్‌కేసులో డిగ్రీ సర్టిఫికెట్లు! యజమాని ఫోనెత్తితేగా. అందుకే అంటున్నా, కాగితాలు పై అరలో పెట్టండి. సంప్ పంప్, అంటే నేలకింద చేరిన నీళ్ళు తోడి బయటికి పోసే మోటారు, ఉందా, కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుందా అని అడగండి. అడగడానికి మొహమాటమేంటి? రెంటర్స్ ఇన్సూరెన్స్ (అద్దెకున్నవాళ్ళ సామానుకి బీమా) ఉందిగా అంటారు. మామూలుగా అందులో వరద ఉండదండీ! ఫ్లడ్ పాలసీ విడిగా తీసుకోవాలి, అదీ సాధారణంగా 30 రోజులైతే గానీ అమల్లోకి రాదు. మబ్బు పట్టాక కొని లాభం లేదు.

సరే, ఇంత చెప్పానని వణికిపోనక్కర్లేదు. ఏడాదిలో చాలా రోజులు ఈ ఏరు తన మానాన తను పోతుంది. నేపర్‌విల్‌లో ఏటి ఒడ్డున 1981లో కట్టిన నడకదారి, రివర్‌వాక్ మీద సాయంత్రాలు హాయిగా నడవచ్చు, బాతులుంటాయి. రెండో అంతస్తు దొరికితే ఏటి పక్కనే తీసుకోండి, నేనూ అక్కడే ఉంటున్నా. వాన హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం కారు ఒడ్డునున్న పార్కింగ్ లాట్‌లోంచి తీసేసి మెరక మీద పెట్టుకోండి.