అట్లాంటిక్ దాటగల రోబో తెరచాప పడవను నిర్మించే విధానం

మైక్రోట్రాన్సాట్ అనేది మనుషులు లేని చిన్న తెరచాప పడవలు అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటవలసిన పోటీ. పడవ పొడవు 2.4 మీటర్లకు మించకూడదు. 2010లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ విశ్వవిద్యాలయం పంపిన ‘పింటా’తో మొదలైన ప్రయత్నాలలో 2018 వరకు ఏ పడవా అవతలి తీరం చేరలేదు. ఆ ఏడాది నార్వేకు చెందిన ఆఫ్‌షోర్ సెన్సింగ్ సంస్థ తయారుచేసిన రెండు మీటర్ల ‘సెయిల్‌బాయ్’ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి బయలుదేరి ఐర్లండ్ వైపు గమ్యం చేరింది. దారి లెక్కగట్టే ప్రోగ్రామును కొన్ని వారాల్లో రాయవచ్చు. నెలల తరబడి ఉప్పునీటిలో పనిచేసే యంత్రాన్ని కట్టడమే అసలు కష్టం. కాబట్టి డబ్బూ సమయమూ ముందు అటువైపే వెచ్చించాలి.

పడవ బోల్తా పడడం ఖాయమనుకుని నమూనా గీయాలి. అడుగు నుంచి నీటిలోకి దిగే రెక్క అయిన కీల్ చివర సీసపు బరువును అమర్చి, తలకిందులైనా దానంతటదే లేచేలా చూడాలి. ఫైబర్‌గ్లాస్ పడవ దేహంలోని ఖాళీలను నురుగుతో నింపితే నీరు చొరబడినా పడవ మునగదు. ఎలక్ట్రానిక్ పరికరాలను పడవ దేహంలో విడిగా బిగించకుండా, మరొక గట్టి పెట్టెలో మూసి ఉంచడం మేలు.

తెరచాప చిన్నదిగా ఉండాలి. ఈ పోటీలో వేగం కన్నా తుపానులో విరగకుండా ఉండడమే ముఖ్యం. గాలి ఒత్తిడి స్తంభానికి రెండు వైపులా దాదాపు సమానంగా పడేలా అమర్చిన తెరచాపను తిప్పడానికి తక్కువ బలం చాలు. అందువల్ల మోటారు చిన్నదైనా సరిపోతుంది, విద్యుత్తూ ఆదా అవుతుంది.

చుక్కాని విషయంలో మాత్రం ఎంత జాగ్రత్త తీసుకున్నా ఎక్కువ కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థులు 2016లో న్యూఫౌండ్‌లాండ్ నుంచి పంపిన ‘అడా’ చుక్కాని యంత్రాంగం చెడిపోవడంతో దారి తప్పి, చాలాకాలం సముద్రంలో కొట్టుకుపోయింది. చుక్కాని ఇరుసు పడవ దేహంలోకి వెళ్ళే రంధ్రమే నీరు కారే చోటు కనుక, వీలైతే లోపలి మోటారు తిప్పుడును అయస్కాంతాల జత ద్వారా బయటికి అందించాలి. అప్పుడు రంధ్రమే అక్కరలేదు. మోటారుకు వర్మ్ గేరు (మరలాంటి కడ్డీ పళ్ళచక్రాన్ని తిప్పే అమరిక) జోడిస్తే, కరెంటు లేకపోయినా చుక్కాని ఉన్న కోణంలోనే నిలుస్తుంది. వెళ్ళవలసిన దిక్కుకూ వెళుతున్న దిక్కుకూ మధ్య పది డిగ్రీల లోపు తేడాను పట్టించుకోవద్దని ప్రోగ్రాములో చెప్పాలి. ప్రతి అలకూ చుక్కానిని సవరించే పడవ గేర్లనూ బ్యాటరీనీ అనవసరంగా అరగదీస్తుంది.

పడవ సగటున ఒక వాట్ వాడితే రోజుకు 24 వాట్-గంటలు కావాలి. అయిదు రోజులు మబ్బు పట్టినా నిలవాలంటే 120 వాట్-గంటలు, దానిపైన కొంత మిగులు ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అవసరం. సౌరఫలకాలను డెక్‌కు సమాంతరంగా అతికించక తప్పదు కనుక, ఉత్తర అట్లాంటిక్‌లో సూర్యుడు ఎత్తుగా ఉండే వేసవి తొలి రోజుల్లోనే పడవను వదలాలి.

ఇక ప్రోగ్రాము. గాలికి సుమారు 45 డిగ్రీల లోపు ఎదురుగా పడవ సాగలేదు. అందువల్ల ఎదురుగాలి వేళ కొన్ని కిలోమీటర్ల వెడల్పు గల పట్టీలో అటూ ఇటూ వాలుగా నడపాలి. పట్టీ ఇరుకైతే మలుపులు పెరిగి వేగం పోతుంది. దారిలోని గుర్తు బిందువును తాకితేనే చేరినట్టు లెక్కించడం చెరువులో సరిపోతుంది గానీ, సముద్రంలో ప్రవాహం పక్కకు నెట్టినప్పుడు పడవ వెనక్కి తిరిగి ఎదురుగాలితో పోరాడుతూ ఉండిపోతుంది. బిందువు దగ్గర దారికి అడ్డంగా ఊహించిన గీతను దాటితే చాలునని రాయాలి. ప్రోగ్రాము స్తంభించితే దానంతటదే మళ్ళీ మొదలయ్యేలా వాచ్‌డాగ్ టైమర్ పెట్టాలి. అయితే చేరిన చివరి బిందువును విద్యుత్తు పోయినా చెరగని మెమరీలో దాచకపోతే, మళ్ళీ లేచిన పడవ మొదటి బిందువు కోసం వెనక్కి బయలుదేరుతుంది. దిక్సూచిని మోటారుకూ విద్యుత్ తీగలకూ దూరంగా ఉంచాలి.

పడవ ఉన్న చోటును ఉపగ్రహం ద్వారా పంపే ట్రాకర్‌కు సొంత బ్యాటరీ ఉండాలి. ప్రధాన కంప్యూటర్ ఆగినా పడవ ఎక్కడుందో తెలుస్తుంది. పోటీలోని స్వయంచాలక విభాగంలో బయలుదేరాక పడవకు ఆదేశాలు పంపకూడదు, మానవరహిత విభాగంలో పంపవచ్చు; తొలి ప్రయత్నానికి రెండోదే తగినది. అట్లాంటిక్‌కు ముందు పడవను తీరం దగ్గర కొన్ని వారాలు నీటిలోనే ఉంచి, విప్పి, ప్రతి కీలులో తుప్పును పరిశీలించాలి. చివరగా పడవ దేహానికి నారింజ లేదా పసుపు రంగు వేసి, ఇది ప్రమాదకరం కాదనీ ఎవరిని సంప్రదించాలో అనీ ఇంగ్లిషు, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు భాషల్లో చెరగని అక్షరాలతో రాయాలి. ఎందుకంటే దాన్ని మొదట చూసేది ఏదో దేశపు చేపల పడవే కావచ్చు.