పాత పీసీలో జీపీఐబీ కార్డు పలకకపోతే

మా అనంతపురం కాలేజీ ల్యాబ్‌లో ఇప్పటికీ ఒక విండోస్ 98 పీసీ నడుస్తోంది. లోపల ఐఎస్ఏ అనే పాతకాలపు స్లాట్‌లో జీపీఐబీ కార్డు (కొలత పరికరాలను పీసీకి కలిపేది), దానికి ఒక ముసలి మల్టీమీటర్. మొన్న ఎండాకాలంలో అది ఉన్నట్టుండి మూగబోయింది.

ముందు కరెంటు ప్లగ్ పీకి, కార్డు బయటికి తీయండి. మా ఊరి దుమ్ముకి దాని పసుపు కాంటాక్టులు మసకబారతాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు. తర్వాత జంపర్లు, అంటే సెట్టింగు మార్చడానికి కార్డు పిన్నుల మీద తొడిగే బుల్లి ముక్కలు. వాటితో ఐఆర్‌క్యూ, అంటే కార్డు పీసీని పిలిచే లైను నంబరు, పెడతాం. ఐఆర్‌క్యూ 5 అయితే సౌండ్ కార్డుతో, 7 అయితే ప్రింటర్ పోర్టుతో తగాదా రావచ్చు. నేను సౌండ్ కార్డే పీకేశాను, ల్యాబ్‌లో పాటలెవరికి? జంపర్‌తో పెట్టిన నంబరే డ్రైవర్ సెట్టింగులోనూ ఉండాలి.

అసలు దొంగ మీటర్ వెనకాల దొరికాడు. అక్కడ ఐదు బుల్లి స్విచ్‌లుంటాయి: 1, 2, 4, 8, 16. ఆన్‌లో ఉన్నవి కూడితే అడ్రస్, అంటే పీసీ ఆ మీటర్‌ని గుర్తుపట్టే నంబరు. మాకు 22 కావాలి, అంటే 2, 4, 16. ఎవరో తుడుస్తూ 2ని దించేశారు, 20 అయి కూర్చుంది! సరిచేశాక మీటర్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. చాలా పాత మీటర్లు అడ్రస్ అప్పుడే చదువుకుంటాయి. 0 మాత్రం పెట్టకండి, సాధారణంగా అది కార్డుదే. కేబుల్ మొత్తం పొడవు 20 మీటర్లు దాటనివ్వకండి.