బ్లాగును కుబర్నెటిస్‌కు మార్చే ముందు

కుబర్నెటిస్ అంటే అప్లికేషన్లను కంటైనర్లుగా (కావాల్సినవన్నీ కలిపి కట్టిన పెట్టెలుగా) కొన్ని కంప్యూటర్ల మీద నడిపే వ్యవస్థ. ఆ ఒక్కో కంప్యూటర్ నోడ్, అన్నీ కలిస్తే క్లస్టర్. కంటైనర్లు నడిచే అతి చిన్న యూనిట్ పాడ్. పాడ్ అనేది ఎప్పుడైనా పోయేదే. నోడ్‌లో మెమరీ చాలకపోయినా, నోడ్ పాడైపోయినా, మీరు కొత్త వెర్షన్ పంపినా కుబర్నెటిస్ పాత పాడ్‌ను తీసేసి కొత్తది నిలబెడుతుంది. పాత కంటైనర్ లోపల రాసుకున్న ఫైళ్లు దాంతోనే పోతాయి. బ్లాగు సంగతి వేరు. ఏళ్ల తరబడి రాసిన పోస్టులు, ఎక్కించిన ఫొటోలు, పాఠకులు పెట్టిన కామెంట్లు చెక్కుచెదరకూడదు. సైట్ కాసేపు ఆగితే మళ్లీ లేస్తుంది, రాతలు పోతే తిరిగి రావు. అందుకే ఇక్కడ చెప్పే జాగ్రత్తల్లో ఎక్కువ భాగం డేటా గురించే.

వర్డ్‌ప్రెస్ అయితే ముందుగా కాపాడాల్సినవి రెండు: డేటాబేస్, అప్‌లోడ్స్ ఫోల్డర్. థీమ్‌లు, ప్లగిన్లు అడ్మిన్ పేజీ నుంచే పెడుతుంటే వాటికీ వాల్యూమ్ (పాడ్ పోయినా నిలిచి ఉండే డిస్క్) కావాలి. మొదటిసారి నేను డేటాబేస్‌కు మాత్రమే వాల్యూమ్ ఇచ్చి అప్‌లోడ్స్‌ను మరిచిపోయాను. కొన్ని రోజులు అంతా బాగానే నడిచింది. ఒక రాత్రి పాడ్ వేరే నోడ్‌కు మారింది. పొద్దున చూస్తే పోస్టులన్నీ ఉన్నాయి, ఫొటోలు ఉండాల్సిన చోటల్లా ఖాళీ గడులే. ఆ టెన్షన్ మీకు వద్దు. లైవ్‌కు వెళ్లే ముందే ఫొటోతో ఒక పోస్టు రాసి, డేటాబేస్ పాడ్‌తో సహా అన్ని పాడ్‌లనూ మీ చేత్తోనే డిలీట్ చేయండి. కొత్తవి లేచాక ఆ పోస్టును ప్రైవేట్ విండోలో తెరవండి, లేకపోతే బ్రౌజర్ దాచుకున్న పాత ఫొటోనే చూసి ఉందనుకుంటారు. ఫొటో కనిపిస్తేనే ముందుకు వెళ్లండి.

వాల్యూమ్ ఇచ్చాం కదా అని నిశ్చింతగా ఉండకండి. స్టోరేజ్ క్లాస్ (అడిగినప్పుడు డిస్క్ తయారుచేసిచ్చే సెట్టింగ్) ద్వారా తయారయ్యే వాల్యూమ్‌కు రీక్లెయిమ్ పాలసీ, అంటే వాడకం అయిపోయాక డిస్క్‌ను ఏం చేయాలనే నియమం, మీరు మార్చకపోతే డిలీట్ అనే ఉంటుంది. క్లెయిమ్ (పాడ్ కోసం డిస్క్ అడిగే అభ్యర్థన) తీసేస్తే డిస్క్ కూడా పోతుంది. నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో ఒక విడి గది లాంటిది) తీసేస్తే అందులోని క్లెయిమ్‌లన్నీ పోతాయి, కాబట్టి శుభ్రం చేద్దామని కొట్టిన ఒక్క కమాండ్‌తో బ్లాగు మొత్తం తుడిచిపెట్టుకుపోవచ్చు. బ్లాగు డేటా ఉన్న వాల్యూమ్‌లకు ఈ పాలసీని రిటెయిన్‌కు (డిస్క్‌ను తీసేయకుండా ఉంచేదానికి) మార్చండి.

రీడ్ రైట్ వన్స్ రకం వాల్యూమ్‌ను ఒకసారి ఒక నోడ్ మాత్రమే వాడుకోగలదు. రెప్లికాలను (ఒకే పాడ్ కాపీలను) రెండు చేస్తే, వేరే నోడ్ మీద పడిన రెండో పాడ్ డిస్క్ కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది. రోలింగ్ అప్‌డేట్‌లోనూ (కొత్త పాడ్ లేచాకే పాతదాన్ని తీసే పద్ధతిలోనూ) ఇదే చిక్కు రావచ్చు: కొత్త పాడ్ సిద్ధమైతే తప్ప పాతది డిస్క్ వదలదు, డిస్క్ దొరికితే తప్ప కొత్తది సిద్ధం కాదు. నన్నడిగితే చిన్న బ్లాగుకు ఒక్క రెప్లికా చాలు, డిప్లాయ్‌మెంట్ స్ట్రాటజీని ‘రీక్రియేట్’కు (పాత పాడ్‌ను తీసేశాకే కొత్తది పెట్టే పద్ధతికి) మార్చండి. అప్‌డేట్ చేసినప్పుడు కాసేపు సైట్ ఆగినా నష్టం లేదు. డేటాబేస్‌ను వీలైతే క్లస్టర్ బయటే ఉంచండి. లోపలే పెట్టాలంటే స్టేట్‌ఫుల్‌సెట్‌లో (ప్రతి పాడ్‌కు సొంత డిస్క్, మారని పేరు ఉంచే ఏర్పాటులో) పెట్టండి.

బ్యాకప్ క్లస్టర్ బయట వేరే చోట ఉండాలి. డేటాబేస్ డంప్ (డేటా మొత్తాన్ని ఫైల్‌గా తీసిన కాపీ), అప్‌లోడ్స్ రెండూ ఒకే సమయానికి తీసినవై ఉండాలి. రోలవుట్ అండూ (వెనుకటి వెర్షన్‌కు తిప్పే కమాండ్)తో పాత ఇమేజ్ (కంటైనర్‌ను తయారుచేసే ప్యాకేజీ) వెనక్కి వస్తుంది కానీ, కొత్త వెర్షన్ మార్చేసిన డేటాబేస్ టేబుళ్లు వెనక్కి రావు. అందుకే ప్రతి అప్‌గ్రేడ్‌కు ముందు డంప్ తీయండి. ఇమేజ్‌కు లేటెస్ట్ అనే ట్యాగ్ వాడకండి, వెర్షన్ నంబర్ రాయండి.

పాస్‌వర్డ్‌ల విషయంలో పొరపడేది ఎక్కువ. సీక్రెట్ (కుబర్నెటిస్ పాస్‌వర్డ్‌లు ఉంచే చోటు)లో కనిపించే బేస్64 అక్షరాల మార్పు మాత్రమే, తాళం కాదు, ఎవరైనా క్షణంలో విప్పగలరు. ఆ ఫైల్‌ను గిట్‌లో పెట్టకండి. దాన్ని ఎకో కమాండ్‌తో తయారుచేస్తే మైనస్ ఎన్ (-n) తప్పకుండా రాయండి. రాయకపోతే పాస్‌వర్డ్ చివర కంటికి కనిపించని కొత్త లైన్ ఒకటి చేరుతుంది, లాగిన్ ఎందుకు కావడం లేదో గంటలు వెతికినా దొరకదు. ఇంకొకటి: మైఎస్‌క్యూఎల్ ఇమేజ్ రూట్ పాస్‌వర్డ్‌ను ఖాళీ డిస్క్ మీద మొదటిసారి లేచినప్పుడే తీసుకుంటుంది. తర్వాత సీక్రెట్ మార్చినా లోపలి పాస్‌వర్డ్ మారదు.

లైవ్‌నెస్ ప్రోబ్‌ను (కంటైనర్ బతికే ఉందా అని చూసే పరీక్షను) డేటాబేస్‌తో ముడిపెట్టకండి. డేటాబేస్ కాస్త నెమ్మదించినా బాగున్న కంటైనర్‌ను పదేపదే రీస్టార్ట్ చేస్తుంది. ఆ పరీక్ష రెడీనెస్ ప్రోబ్‌కు (పాడ్‌కు సందర్శకులను పంపవచ్చా అని చూసేదానికి) వదిలేయండి. కంటైనర్ 137 కోడ్‌తో ఆగి, పక్కన ఓఓఎమ్‌కిల్డ్ అని ఉంటే మెమరీ లిమిట్ చాలలేదని అర్థం.

డొమైన్ మార్చే రోజుకు ఒకరోజు ముందే డీఎన్ఎస్ టీటీఎల్‌ను (డొమైన్ చిరునామాను ఇతర సర్వర్లు గుర్తుంచుకునే సమయాన్ని) 300 సెకన్లకు తగ్గించండి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) సర్టిఫికెట్‌ను ముందు దాని స్టేజింగ్ (పరీక్ష సర్వర్)లో ప్రయత్నించండి. అసలు సర్వర్ మీద పదేపదే తప్పితే రేట్ లిమిట్ (ఇన్నిసార్లే అడగాలనే హద్దు) తగిలి, సరిగ్గా అవసరమైన రోజున సర్టిఫికెట్ దొరకదు. బయటి ట్రాఫిక్‌ను క్లస్టర్ లోపలికి పంపే ఇంగ్రెస్ ఎన్‌జిన్ఎక్స్‌లో అప్‌లోడ్ పరిమితి మామూలుగా 1 ఎంబీ, పీహెచ్‌పీలో 2 ఎంబీ. రెండూ పెంచకపోతే మొదటి పెద్ద ఫొటోనే ఎక్కదు; ఇంగ్రెస్ పరిమితి తగిలితే 413 ఎర్రర్ వస్తుంది. పాత సర్వర్ కాన్ఫిగ్ ఫైల్‌ను అలాగే తెచ్చి పెడితే పేజీ తెరుచుకోకుండా రీడైరెక్ట్‌లలో తిరుగుతూ ఉండవచ్చు. బయట వచ్చింది హెచ్‌టీటీపీఎస్ అని ఇంగ్రెస్ హెడర్‌లో చెబుతున్నా వర్డ్‌ప్రెస్ దాన్ని చూడకపోవడమే కారణం.

చివరి డంప్ తీసిన క్షణం నుంచి పాత సర్వర్‌లో కొత్త పోస్టులు, కామెంట్లు ఆపేయండి. కానీ సర్వర్‌ను ఆ రాత్రే తీసేయకండి. కొత్త క్లస్టర్ నుంచి తీసిన మొదటి బ్యాకప్‌ను వేరే నేమ్‌స్పేస్‌లో రీస్టోర్ చేసి, చివరి పోస్టు, దానిలోని ఫొటో మీ కళ్లతో చూసేదాకా అది అలాగే ఉండాలి.