శ్రీనగర్ హౌస్‌బోట్‌లో రాసుకోవడానికి పోతున్నారా? వరంగల్ దాటకముందే చూసుకోవాల్సినవి

బతుకమ్మ, దసరా అయిపోయినంక ఒక నెల ఎక్కడన్నా కూర్చుని రాసుకుందామనుకునే వరంగల్, కరీంనగర్ రచయితలకు శ్రీనగర్ హౌస్‌బోట్ మంచి చోటు. అక్టోబరు చివర చినార్ ఆకులు ఎర్రబడతాయి. నెల రోజులకు మాట్లాడుకుంటే గది కిరాయి కూడా తగ్గించి అడగొచ్చు. మనవాళ్లు సాధారణంగా నీళ్లకు భయపడతారు. అక్కడ ముందు భయపడాల్సింది నిప్పుకు, బొగ్గు పొగకు. వెచ్చదనం కోసం చేసే పనుల్లోనే అసలు ప్రమాదం ఉంది.

హౌస్‌బోట్ మొత్తం దేవదారు కలప. దానిమీద వార్నిష్, కింద తివాచీలు, కిటికీలకు మందపాటి పరదాలు. పడవలను పక్కపక్కనే కట్టి ఉంచుతారు, ఫైరింజనేమో రోడ్డు దాకానే రాగలదు. 2022 ఏప్రిల్‌లో నిగీన్ సరస్సులో ఏడు హౌస్‌బోట్లు కాలిపోయాయి. 2023 నవంబరు 11 తెల్లవారుజామున దాల్ సరస్సులో ఐదు కాలిపోయి, ముగ్గురు బంగ్లాదేశ్ పర్యాటకులు చనిపోయారు. అందుకే గది చూపించినప్పుడు చెక్కడాల అందం తర్వాత చూడండి. ముందు వరండా తలుపు, వెనక తలుపు రాత్రిపూట లోపలినుంచి తాళంచెవి లేకుండా తెరుచుకుంటాయో లేదో మీ చేత్తో తీసి చూడండి. మంచం నుంచి రెండు తలుపులకూ ఎన్ని అడుగులో కళ్లు మూసుకుని ఒకసారి నడవండి, పొగలో కళ్లు పనిచేయవు. టార్చి, ఈల, బూట్లు మంచం పక్కన ఒకేచోట ఉండాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మీటరులో ముల్లు ఆకుపచ్చ గీత మీద లేకపోతే వేరే పడవ చూసుకోండి.

ఇక కాంగ్రీ. వెదురులాంటి పుల్లలతో అల్లిన బుట్టలో మట్టికుండ, కుండలో బొగ్గు నిప్పులు. కశ్మీరీలు ఫెరన్, అంటే వదులుగా ఉండే పొడుగాటి అంగీ, లోపల పెట్టుకుని తిరుగుతారు. మన కుంపటి లాంటిదే కదా అనిపిస్తుంది, కానీ మనం కుంపటిని పెరట్లోనో వాకిట్లోనో పెట్టుకుంటాం, మూసిన గదిలో కాదు. బొగ్గు సరిగా కాలనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వాంతి వచ్చినట్టుండటం, తల తిరగడం. రాసేవాళ్లకు ఇదే మోసం: పొద్దుపోయేదాకా కూర్చున్నందుకు వచ్చిన తలనొప్పి అనుకుని ఇంకో టీ తాగి పనిలో పడతారు. తలనొప్పి మొదలైతే వెంటనే వరండాలోకి వెళ్లండి. బయటికెళ్లాక తగ్గితే అది అలసట కాదు, గాలి సంగతి. ఆ గదిలోకి నిప్పు మళ్లీ తేవద్దు. తగ్గకపోయినా, మత్తుగా అనిపించినా, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి.

ఐదు, ఆరు దశాబ్దాల వయసున్నవాళ్లయినా, ఇరవై ఏళ్లవాళ్లయినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం కొనకుండా వెళ్లొద్దు. ఈఎన్ 50291 (ఈ అలారాలకు యూరప్ ప్రమాణం) అని ముద్ర ఉన్నది, బ్యాటరీతో నడిచేది తీసుకోండి. శ్రీనగర్‌లో చలికాలం కరెంటు కోతలు మామూలే. ఇంట్లోనే టెస్ట్ బటన్ నొక్కి చూసుకుని, అక్కడ తలాపున, తల ఎత్తులో పెట్టండి. పరదా వెనక పెడితే పనిచేయదు. పొగ అలారం వేరు, రెండూ ఉండాలి. గదిలో బుఖారీ, అంటే రేకు పొయ్యి ఉంటే దాని గొట్టం అతుకుల దగ్గర మసి మరకలున్నాయేమో చూడండి, ఉంటే పొగ లోపలికే వస్తున్నట్టు. వెలుగుతున్నంతసేపూ కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉండాలి. పడుకునేముందు బుఖారీ ఆర్పించండి, కాంగ్రీ బయటికి పంపండి. కాంగ్రీతో రజాయి కింద నిద్రపోవడం మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. ఏళ్ల తరబడి ఒంటికి ఆనించుకునేవాళ్లకు తొడల మీద, పొట్ట మీద చర్మ క్యాన్సర్ రావడం వైద్యులకు ఎప్పటినుంచో తెలిసినదే.

కరెంటు సంగతి లెక్కతో చూడండి. 1,500 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, చిన్న సాకెట్ తట్టుకునేది 6. దానికి తోడు అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు 2,000 వాట్ల హీటర్ పెడితే పాత వైరు లోపల వేడెక్కి చెక్క వెనక అంటుకుంటుంది. కెటిల్, ఇండక్షన్ స్టవ్ వరంగల్‌లోనే వదిలేయండి. వంట వెనక కట్టిన వేరే పడవలో జరుగుతుంది, వేడినీళ్లు అడిగితే తెస్తారు. ఎలక్ట్రిక్ దుప్పటి తక్కువ కరెంటు తింటుంది, కానీ మడత పెట్టి వాడితే లోపలి తీగ తెగుతుంది. అరగంట ముందు వేసి, పడుకునేటప్పుడు ఆపేయాలి.

ఈ రోజుల్లోనే కార్తీకమాసం కూడా వస్తుంది. దీపం పెట్టాలని మనసుకు ఉంటుంది, పెట్టండి, కానీ పడవ మీద కాదు. పౌర్ణమినాడు వెలిగించే 365 వత్తుల కట్ట మంట జానెడు పైకి లేస్తుంది. వరండా చూరు చెక్కదే. ఒడ్డున ఘాట్ రాతిమెట్ల మీద, ఇసుక పోసిన పళ్లెంలో వెలిగించి, ఆరిందాకా దగ్గరే కూర్చోండి. దొప్పల్లో వదిలిన దీపాలు గాలికి పక్క పడవల కిందికి చేరతాయి కాబట్టి నీళ్లలో వదలొద్దు. అగరుబత్తి, దోమల చక్రం కూడా గదిలో వద్దు.

ఇక నీళ్లు. బాయిల్లో, చెరువుల్లో ఈత నేర్చుకున్న ధైర్యం అక్కడ పనికిరాదు. నవంబరు నాటి చల్లటి నీళ్లలో పడగానే ఊపిరి దానంతట అదే గుబుక్కున లోపలికి పోతుంది, ఆ క్షణంలో నోట్లో నీళ్లు నిండటమే ముంచుతుంది. పడితే మొదటి నిమిషం ఈదకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరి సర్దుకోండి. శికారా, అంటే ఒడ్డుకూ హౌస్‌బోట్‌కూ తిప్పే చిన్న పడవ, ఎక్కేటప్పుడు అంచు మీద కాదు, నడిమధ్యలో కాలు పెట్టి వెంటనే కూర్చోవాలి. లైఫ్‌జాకెట్ కోటు మీదనే తొడుక్కోండి. తెల్లారి మంచుకు మెట్లు, పలకలు జారతాయి, ముందురోజు నడిచిందే కదా అని తొందరపడొద్దు.

అక్టోబరు చివర రాత్రులు 5 డిగ్రీల దగ్గరికి, నవంబరు మధ్యకు సున్నా దగ్గరికి దిగుతాయి. నూలు బనియన్ చెమటకు తడిసి ఆరదు. లోపల థర్మల్, మీద ఉన్ని, పైన గాలి ఆపే జాకెట్ వేసుకోండి. టైపు చేయడానికి వేళ్ల కొసలు తెరిచి ఉండే గ్లౌజులు తీసుకోండి. బయటి చలినుంచి లోపలికి తెచ్చిన ల్యాప్‌టాప్‌ను సంచిలోనే అరగంట ఉంచి తీయండి, లేకపోతే లోపల తేమ పడుతుంది. నోటుపుస్తకాలు జిప్ కవర్లలో తేమ పీల్చే సిలికా జెల్‌ పొట్లాలతో పెట్టండి, రాసిన పేజీలు ఏ రోజుకారోజు ఫోటో తీసి ఇంటికి పంపండి. అలా పంపుతూ ఉంటేనే, నిప్పంటుకున్న రాత్రి చేతిరాత కోసం వెనక్కి పరుగెత్తాలన్న ఆలోచన రాదు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూకశ్మీర్‌లో పనిచేయవు, బయల్దేరేముందే పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి.

తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. 2018, 2019 రెండేళ్లూ నవంబరు మొదటి వారంలోనే గట్టి మంచు కురిసింది, అలాంటప్పుడు జమ్మూ రోడ్డు మూసేస్తారు. 2025 జూన్ నుంచి కట్రా - శ్రీనగర్ వందేభారత్ నడుస్తోంది కాబట్టి రోడ్డు కన్నా రైలుకే టికెట్టు తీసుకోండి. కట్రా నుంచి వరంగల్ మీదుగా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్ రోజూ ఉండదు, అది ఉన్న రోజు చూసుకునే హౌస్‌బోట్ ఖాళీ చేసే తేదీ పెట్టుకోండి.